మునిరత్నమ్మ ఎర్ర కారు

ప్లాస్టిక్ పొరకు వేడిగాలి తగిలితే ఒక వాసన వస్తుంది. కొత్త రెయిన్‌కోటును ఎండలో ఆరేసినప్పుడు వచ్చేలాంటి వాసన. పోయిన వారం చిక్కబళ్ళాపురంలో ఒక దుకాణం ముందు నిలబడి ఆ వాసన పీలుస్తున్నాను. లోపల ఒకాయన కారు బానెట్ మీద నీలం రంగు పొర పరిచి, గన్నుతో వేడిచేసి, మూలలు లాగిలాగి అతికిస్తున్నాడు. పని చూడముచ్చటగా ఉంది. నాకు బాగేపల్లిలో డ్రైవింగ్ స్కూలు ఉంది. దానికోసం ఈమధ్య ఒక పాత కారు కొన్నాను. ఎండకు దాని రంగు వెలిసిపోయింది. పెయింటు కొట్టించాలా, ఇలా ర్యాపింగ్ చేయించాలా అని అడిగి తెలుసుకుందామని వెళ్ళాను.

"ర్యాపింగే చేయించుకోండక్కా," అన్నాడు దుకాణదారు. "రెండు మూడు దినాల్లో పనైపోతాది. లోపల కంపెనీ పెయింటు అట్లే ఉంటాది. వద్దనుకుంటే పీకేయొచ్చు."

ఆ చివరి మాటకు నాకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం, ఆయన కంగారుపడి నీళ్ళ సీసా తెచ్చిచ్చాడు. ఏం చెప్పను ఆయనకు? చింతామణిలో మునిరత్నమ్మ అని ఒకావిడ ఉండేది, ఈ మాట ఆమె ముందు అని చూడాల్సింది నాయనా అని చెప్పనా? ఆమె పోయి రెండేళ్ళు కావస్తోంది. నేను కారు పెయింటుకే ఇచ్చి ఇంటికొచ్చాను. ఆయనకు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మాది గూళూరు దగ్గర పల్లె. బోరులో నీళ్ళుంటే టమాటా, లేకపోతే చెనక్కాయ, అదీ లేకపోతే ఆకాశం వంక చూడటం. నేను గార్మెంట్స్ ఫ్యాక్టరీకి బస్సులో వెళ్ళేదాన్ని. అది మూతపడ్డాక చింతామణిలో అక్క ఇంట్లో ఉంటూ పని వెతుక్కుంటుంటే, ఒక డ్రైవింగ్ స్కూల్లో ఫోను ఎత్తడానికి ఆడమనిషి కావాలని తెలిసింది. వెళ్ళాను. బల్ల వెనక కూర్చున్న యాభై ఏళ్ళావిడ నన్ను కింది నుంచి మీదికి చూసి, "ఫోను ఎవురైనా ఎత్తుతారు. కారు నేర్చుకుంటావా?" అంది. భయమమ్మా అన్నాను. "మంచిదే. భయం లేనోళ్ళతో నాకి ప్రాణం మీదికి వస్తాండాది," అంది. ఆమే మునిరత్నమ్మ. ఆ స్కూలు పెట్టినాయన ఆమె భర్త రామచంద్రప్ప. నేను చేరడానికి రెండు నెలల ముందే గుండె ఆగి పోయాడు.

ఆమె నేర్పే పద్ధతి ఒకటి చెప్పాలి. డ్రైవింగ్ స్కూలు కార్లో నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు తడబడితే పక్కనుంచి తొక్కుతారు. మునిరత్నమ్మ మొదటి పది పన్నెండు రోజులు తొక్కేది. ఆ తర్వాత ఒక పొద్దున ఊరి బయట బీడు నేలకు తీసుకెళ్ళి, చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కుని, పీట మీద కూర్చున్నట్టు బాసిపట్లు వేసుకుని కూర్చునేది. "చూసుకో శోభా, నా కాళ్ళు పైనుండాయి. ఇంగ బ్రేకు నీదొక్కదే." ఆ మాట విన్న పొద్దున నా అరచేతుల చెమటకు స్టీరింగు జారిపోయింది. అమ్మా, కాళ్ళు దించమ్మా అని బతిమాలాను. ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూ వక్క నములుతూ కూర్చుంది. ఆ రోజు నేను నేలంతా చుట్టి వచ్చి, నా బ్రేకు నేనే తొక్కి ఆపాను. దిగగానే ఆమె ఆకలవుతోంది, ఇడ్లీకి పోదాం పద అంది.

రామచంద్రప్ప తమ్ముడు నారాయణస్వామి. కర్మలు అయిన రోజునే ఆయన వదినతో ఒక మాట అనుకున్నాడట. సంవత్సరీకం దాకా స్కూలు ఆమె నడపాలి. నడిస్తే సరే. లేదంటే కారు అమ్మేసి, స్కూలున్న గదిలో ఆయన కార్ల సీటు కవర్ల అంగడి పెట్టుకుంటాడు, వదినను తానే చూసుకుంటాడు. గది అన్నదమ్ములిద్దరిదీ కాబట్టి కాదనడానికి లేదు. నారాయణస్వామి చెడ్డవాడని నేను అనను. వదిన ఎండలో తిరగకూడదనే ఆయన బాధ. కానీ ఆ ఏడాదంతా ఆయన ఆమెను అద్దెకున్న మనిషిని చూసినట్టు చూశాడు. వచ్చినప్పుడల్లా సీటు కవర్లు ఏ గోడకు తగిలించాలా అని గదిని కళ్ళతో కొలిచేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

నేర్చుకునేవాళ్ళు తగ్గిపోతున్నారు. ఆడమనిషి ఏం నేర్పుతుందని మగవాళ్ళు వేరే స్కూలుకు పోయారు. ఆడవాళ్ళా, వాళ్ళింట్లో ఒప్పుకునేవాళ్ళు కాదు. ఊళ్ళో స్కూలు తెల్ల కారును చూస్తే ఇంకా రామచంద్రప్ప కారే అనేవారు. డోర్ల మీద నీలం అక్షరాలతో ఆయన పేరు, చుట్టూ ఎన్నో ఏళ్ళ గీతలూ సొట్టలూ. ఒకరోజు మునిరత్నమ్మ కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "దీని రంగు మార్చల్ల. టమాటా పండు రంగు," అంది. మరిదికి చెబితే ఆయన ఎగిరిపడ్డాడు.

"ఎరుపా?" అన్నాడు. తర్వాతి మాట నోట్లోనే మింగాడు. భర్త పోయి ఏడాదైనా తిరగని ఆడదానికి ఎరుపేమిటన్న మాట అది. ఆయన అనకపోయినా అందరికీ వినపడింది.

"ఎరుపేనప్పా," అంది ఆమె తాపీగా. "నేర్చుకునేవోళ్ళ కారు వస్తాండాదని మార్కెట్ దావలో లారీవోళ్ళకి దూరం నుంచే కనపడల్ల గదా."

నారాయణస్వామి కాసేపు తల గోక్కుని, మధ్యేమార్గం కనిపెట్టాడు. "అట్లయితే పెయింటు వద్దు వదినా. చిక్కబళ్ళాపురంలో కారుకి స్టిక్కరు చుట్టేవోళ్ళు వచ్చిండారు. ఎరుపు చుట్టించు. రేపు అమ్మాల్సొస్తే పీకేస్తాము, తెల్లది తెల్లగే ఉంటాది. నీ మేలు కోరే చెప్తాండాను."

చూడకుండా కాదనడం ఆమెకు అలవాటు లేదు. ముగ్గురం వెళ్ళాం. కారు ఆమే నడిపింది. మరిది వెనక సీట్లో కూర్చుని దారి పొడవునా బ్రేకు, బ్రేకు అని అరుస్తూ వచ్చాడు. దుకాణంలో ఆమె ఒక కారు డోరు తెరిచి, అంచున మడిచిన పొర మీద బొటనవేలి గోరుతో మెల్లగా రాసి చూసింది. ఎండకు ఎన్నాళ్ళు ఆగుతుంది, గీత పడితే ఏం చేస్తారు, సొట్టలు కనపడతాయా అని అన్నీ అడిగింది. అతనూ దాపరికం లేకుండా చెప్పాడు. సొట్టలు ముందే తీయించుకోవాలి, గీత లోతుగా పడితే ఆ భాగానికి పొర మొత్తం మార్చాలి, రంగు మార్పు ఆర్.సి.లో రాయించుకోవడం దీనికైనా తప్పదు అన్నాడు. అన్నీ చెప్పి, "నచ్చకుంటే ఎప్పుడైనా పీకేయొచ్చమ్మా," అన్నాడు.

"నీ పనిలో వంక లేదప్పా. చానా బాగుండాది," అంది మునిరత్నమ్మ. "పీకేయొచ్చు అంటివే, అదొక్కటే నాకి వద్దు. ఇది ఉండాదని తెలిస్తే దినామూ ఎవురో ఒకరు వచ్చి, ఎప్పుడు పీకుతావని అడుగుతాంటారు. నాకి కూడా రెండు దినాలు బేరం లేకుంటే గోరు దానిమీదికే పోతాది."

నారాయణస్వామి ముఖం మాడిపోయింది. తిరుగు ప్రయాణంలో ఒక్కసారి కూడా బ్రేకు అనలేదు.

కారును బాగేపల్లిలో బాషా షెడ్డుకు ఇచ్చాం. ఆయన రామచంద్రప్పకు పాత స్నేహితుడు. ఆర్.టి.ఓ. ఆఫీసులో రంగు మార్పుకు అర్జీ పెట్టి వచ్చాకే మునిరత్నమ్మ పని మొదలుపెట్టించింది. సొట్టలు కొట్టి సరిచేసి, లప్పం పెట్టి, పాత పెయింటును నీళ్ళలో తడిపిన గరుకు కాగితంతో రుద్దుతూ వచ్చిన బాషా, డోరు దగ్గరికి రాగానే ఆగిపోయాడు. "అమ్మా, పేరు నేను గీకలేను," అన్నాడు. ఆమె కొంగు బొడ్లో దోపుకుని, ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని, నీళ్ళ చెంబు పక్కన పెట్టుకుని కూర్చుంది. ఒక్కో అక్షరమే రుద్దింది. నీలం నీళ్ళు ఆమె మోచేతి దాకా కారాయి. ఏడుస్తోంది, ముఖం తుడుచుకోవడం లేదు, రుద్దడం ఆపడం లేదు. నేనూ రుద్దుతానమ్మా అన్నాను. "నువ్వు రుద్దితే నువ్వు చెరిపినట్ల అయితాది. తిరిగి ఇదే పేరు రాపిస్తాను శోభా. పేరు ఆయనదే. స్కూలు మాత్రం ఇప్పుడు నాది," అంది. రెండో డోరు కూడా ఆమే పూర్తిచేసింది. బాషా షెడ్డు వెనక్కి పోయి, పని అయ్యేదాకా ఇటు రాలేదు.

ర్యాపింగ్ అయితే రెండు మూడు రోజుల పని. మాకు పెయింటు మూడు వారాలు పట్టింది. కారు లేని డ్రైవింగ్ స్కూలు! ఉన్న నలుగురూ పోతారేమోనని నాకు నిద్ర లేదు. మునిరత్నమ్మ గదిలో కుర్చీ ముందు మూడు ఇటుకలు పెట్టింది. ఇది క్లచ్, ఇది బ్రేకు, ఇది యాక్సిలరేటరు. చేతికి ఇత్తడి తాంబాళం ఇచ్చింది, అది స్టీరింగు. నేను నోటితో ఇంజను చప్పుడు చేయాలి. బజార్లో పోయేవాళ్ళు ఆగి పడీపడీ నవ్వారు. "ఏమమ్మా, కారు పోయి తట్టలోకొచ్చిందా?" అని ఒకాయన అడిగితే, "నువ్వు కూడా రాప్పా, తట్ట ఖాళీగానే ఉండాది," అంది. నవ్విన వాళ్ళలోనే ఇద్దరు తమ ఇంటి ఆడవాళ్ళను తెచ్చి చేర్పించారు. కారు రాకముందే మాకు ఇద్దరు పెరిగారు.

ఎర్ర కారు ఊళ్ళోకి వచ్చిన రోజు మార్కెట్ దగ్గర హమాలీలు బుట్టలు దించి మరీ చూశారు. కొందరు మూతి విరిచారు, ఒకావిడ మొహం మీదే అనేసింది కూడా. మునిరత్నమ్మ హారను కొట్టి ముందుకు పోయింది. ఆ వారమే మురుగమల్ల నుంచి నూర్జహాన్ అనే ఆమె వచ్చింది. భర్త దుబాయిలో ఉన్నాడట, అత్తను ఆసుపత్రికి తిప్పాలి. మూడో రోజో నాలుగో రోజో ఆమె గేట్లోంచి కారు బయటకు తీస్తూ, ఎడమ వైపు గేటు స్తంభానికి రాసేసింది. కొత్త పెయింటు మీద మోచెయ్యి పొడవు గీత. నూర్జహాన్ స్టీరింగు మీద తల పెట్టుకుని బావురుమంది. సరిగ్గా అప్పుడే నారాయణస్వామి అక్కడ ఉన్నాడు. "చెప్తే వింటివా వదినా! చూడు, దుడ్డు మట్టిలో పోసినట్ల అయ్యె," అని నెత్తి కొట్టుకున్నాడు. మునిరత్నమ్మ కారు దిగి చూడను కూడా లేదు. "ఏడ్చేది అయినాక రివర్స్ వెయ్యమ్మా. స్తంభం ఎంత దూరంలో ఉండాదో ఇప్పుడు నీకి బాగా తెలిసింటాది," అంది. నూర్జహాన్ ముక్కు చీదుకుని రివర్స్ వేసింది.

సంవత్సరీకం అయింది. భోజనాల తర్వాత నారాయణస్వామి గొంతు సవరించుకుని, "వదినా, ఏమనుకుంటివి మళ్ళ?" అన్నాడు. లెక్కకు చూస్తే ఆ ఏడాది స్కూలు బ్రహ్మాండంగా ఏమీ నడవలేదు. మా ఇద్దరికీ కడుపు నిండింది, అంతే. ఆమె ఒప్పుకోక తప్పదేమో అనుకున్నాను. ఆమె ఆకు మడుస్తూ తల ఎత్తకుండానే చెప్పింది. "అమ్మేదుంటే ఆ పొద్దే స్టిక్కరు వేపిచ్చిందును గదప్పా. నడుపుతాను. బాగున్నా నడుపుతాను, బాగలేకున్నా నడుపుతాను. ఇంగ ఏ సంవత్సరమూ నన్నీమాట అడగద్దు."

నారాయణస్వామి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. తిరిగొచ్చి, ఎటో చూస్తూ, "మా ఇంటామె కూడా నేర్చుకుంటానంటాంది," అన్నాడు. మునిరత్నమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "పంపించు. నువ్వు మాత్రం వెనక సీట్లో కూచోద్దు," అంది. ఆ తర్వాత ఆయన గదిని కళ్ళతో కొలవడం నేను చూడలేదు.

తర్వాత నేనూ నేర్పేదాన్నయ్యాను. నాలుగేళ్ళు ఆమె దగ్గరే నేర్పాను. బాగేపల్లిలో సొంత స్కూలు పెట్టాలన్న కోరిక పుట్టినప్పుడు, భయపడుతూనే చెప్పి, చివర్లో ఒక మాట చేర్చాను. "కొన్నాళ్ళు చూస్తానమ్మా. నడవకపోతే మళ్ళీ నీ దగ్గరికే వచ్చేస్తాను. నా చోటు ఉంచు."

"ఉంచను," అంది.

తమాషా అనుకున్నాను. కాదు. "నువ్వు పోయిన మర్నాడే ఇంకో అమ్మాయిని పెట్టుకుంటాను. నీకి ఈడ చోటు ఉండదు శోభా. తినేకి రా, పండక్కి రా. పనికి రావద్దు." కన్నతల్లిలా చూసుకున్న మనిషి ఇంత మాట అంటుందా అని కోపం వచ్చింది. చెప్పకుండానే వచ్చేశాను. ఆమె అన్నంత పనీ చేసింది. మర్నాడే ఒక అమ్మాయిని పెట్టుకుంది. ఈరోజు చింతామణిలో ఆ స్కూలు నడుపుతున్నది ఆ అమ్మాయే.

బాగేపల్లిలో మొదటి వారం ఒక్కరు కూడా రాలేదు. ఖాళీ గదిలో కూర్చుని చింతామణి బస్సులు పోతుంటే లెక్కపెట్టేదాన్ని. ఎక్కేసి పోదామా అనిపించేది. పోతే అక్కడ నా కుర్చీలో వేరే అమ్మాయి ఉంది. ఆమె మీద ఎంత కోపమొచ్చేదో అంత గట్టిగా ఆ గదిలోనే కూర్చునేదాన్ని. వారం చివర్లో మాత్రం నా వల్ల కాలేదు. ఫోను చేసి, "అమ్మా, ఎవరూ రావట్లేదు," అన్నాను. ఓదారుస్తుందని, ఒక్కసారైనా వచ్చేయమంటుందని ఎదురుచూశాను.

"పొద్దున ఎన్ని గంటలకి తెరుస్తాండావు?" అంది.

"ఆరింటికి."

"అయిదున్నరకి తెరువు," అని ఫోను పెట్టేసింది.

మర్నాడు అయిదున్నరకు తెరిచాను. ఆ రోజూ ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ అయిదున్నరకే తెరిచాను. ఇవాళ్టికీ అయిదున్నరకే తెరుస్తున్నాను.