కొత్త తినమనే కబురు

కలకత్తా గార్డెన్ రీచ్‌లో మా సందు మొగలో ఎండలు ముదిరేసరికి ఒకాయన బండి పెట్టి, పచ్చిమామిడి ముక్కల్లో ఆవముద్దా, పచ్చిమిరపా, ఉప్పూ వేసి కలుపుతుంటే ఆ వాసన మెట్లెక్కి మా వంటింట్లోకి వచ్చేస్తుంది, ఎసట్లో బియ్యం పోస్తున్నదాన్ని నేను ఆగిపోతాను.

మా అమ్మమ్మది వంశధార లోయలో, కొండ కింద సవర గూడ. నాన్నకి ఇక్కడి ఓడల డాకులో పని, మేం ఇక్కడే పుట్టాం, తాత పోయాక ఆవిడా మా దగ్గరికే వచ్చేసింది. పూజా సెలవులకి మమ్మల్ని ఊరు తీసుకెళ్ళేది: ఏట్లో రాళ్ళకింద చేపలు తడుముకోవడం, అడ్డాకు దొప్పల్లో చోడంబలి, ఎర్రమట్టి అలికిన గోడల మీద బియ్యప్పిండితో తెల్లటి మనుషులు, నెమళ్ళు. ఆ బొమ్మలు ముచ్చటకి కావు, పోయిన పెద్దలు వచ్చి ఉండడానికి. అందుకే ఇక్కడ ఎలక్షన్లకి గోడలనిండా ఎర్రగా కొడవళ్ళు గీస్తుంటే చూసి, "ఈళ్ల పెద్దలు శానామందే ఉన్నారు," అనేది. నాన్న పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

ఊళ్ళో కొత్త పండగ చేసి, పూజచేసే జన్నోడు పెద్దలకి మొదటి కాయ పెట్టేదాకా మావాళ్ళెవరూ మామిడికాయ ముట్టరు. కలకత్తాలో ఉన్నా అంతే. పండగయ్యాక మావయ్య రైలెక్కి, ఊరి కాయలు గోనెసంచిలో మోసుకుని వచ్చి, "కొత్త అయిపోనాది, తినండి," అనాలి. అప్పటిదాకా పక్కింటి బెంగాలీ ఆవిడ, మాషీమా, పంపిన మామిడి పప్పు గిన్నె గిన్నెలాగే వెనక్కి పోయేది. మాకు నోరూరి ఏడుపొచ్చేది.

ఒక ఏడు మావయ్య సంచి లేకుండా వచ్చాడు. ఏటికి కట్ట వేస్తున్నారని ఊరు ఖాళీ చేయించారు.

"కొత్త అయిందేట్రా?"

"నేదమ్మా. ఒకో ఇల్లూ ఒకో కాలనీకి పోనాది. జన్నోడెక్కడున్నాడో ఎవులికీ తెల్దు."

"మరి గోడలు?"

"కూల్చీసినారు."

అమ్మమ్మ చెంగు మడతలు పెడుతూ కూచుంది. కింద బండివాడి గంట వినిపించింది. చెంగుముడి విప్పి నా చేతిలో చిల్లర పెట్టింది.

"ఎల్లి తినండే గుంటల్లారా. మీరు ఈ ఊరోళ్లు."

మేం ఎగురుకుంటూ మెట్లు దిగిపోయాం. ఆవిడకని ఒక పొట్లం తెచ్చిస్తే మొహం తిప్పేసుకుంది. బతికినన్నాళ్ళూ మళ్ళీ మామిడి ముట్టలేదు.

ఇప్పుడు ఊరూ లేదు, కబురు తెచ్చే మావయ్యా లేడు. మా పాపకి పొట్లం కొనిపెడతాను, నేనూ ఒక ముక్క తీసుకుంటాను. నోట్లో పెట్టుకోబోతూ ఒకసారి మెట్లవైపు చూస్తాను, గోనెసంచి భుజాన వేసుకుని ఎవరైనా ఎక్కొస్తున్నారేమోనని.