మా మామ్మ చేతిలో చిట్లిన గాజులు

నా చిన్నప్పుడు, అంటే పందొమ్మిది వందల యాభైల్లో, మా మామ్మ ఊరూరూ తిరిగి గాజులు అమ్మేది. మాది చోడవరం. దుకాణమంటూ ఏమీ లేదు. అనకాపల్లి నుంచి తెచ్చిన గాజులను తాళ్ళకు గుచ్చి మలారం కట్టుకునేది. దాన్ని భుజాన వేసుకుని ఒక్కో రోజు ఒక్కో ఊరు వెళ్ళేది. శుక్రవారం వడ్డాది. దారిలో బండి దొరికితే బండి మీద, లేకపోతే నడకే. బడి లేని రోజుల్లో నేనూ వెంట వెళ్ళేదాన్ని. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళుంటాయి.

మామ్మకు ఒక పేరుండేది. ఎంత బిగువు గాజైనా ఆమె చేతిలో నుంచి అవతలి చేతికి వెన్నలా జారిపోతుందనేవారు. ముందు బొటనవేలిని అరచేతిలోకి మడిచి, వేళ్ళ కణుపులను మెల్లగా నొక్కుతూ ఏదో కబురు అడిగేది. ఆడవాళ్ళు జవాబు చెప్పే ధ్యాసలో ఉండగానే గాజు మణికట్టు మీదికి వచ్చేసేది. గాజు చిట్లితే నష్టం అమ్మేవాళ్ళదే. కానీ నేను వెంట వెళ్ళిన రోజుల్లో ఒక్క గాజు కూడా చిట్లడం చూడలేదు. మా మామ్మంత పనిమంతురాలు లోకంలో లేదని నాకు గట్టి నమ్మకం. ఒక శుక్రవారం ఆ నమ్మకం నా కళ్ళముందే గందరగోళమైపోయింది.

చెరకు గానుగలాడే రోజులవి, బడికి సెలవులు. వడ్డాదిలో ఒక రైతు ఇంటికి వెళ్ళాం. పెరట్లో నుంచి బెల్లం పాకం వాసన వస్తోంది. ఆ ఇంటి పెద్దావిడ అరుగు మీద కూర్చుని కోడలిని పిలిచింది. కోడలికి పెళ్ళయి ఏడాది. పెళ్ళిగాజులు వేసింది మా మామ్మే.

"పెళ్ళికి ఏ కొలత ఏసేవో అదే ఎయ్యి మామ్మా. వదులు గాజులేసుకుంటే సేతికి అందమేటుంటాది?" అంది పెద్దావిడ.

మామ్మ కోడలి చెయ్యి అందుకుని నొక్కి చూసింది. నేనూ చూశాను. ఏడాది కిందట ఎలా ఉండేదో నాకు తెలియదు గాని, ఆ రోజు ఆ చేతి నిండా దంపుళ్ళకు కాసిన కాయలే. కణుపులు లావెక్కాయి. బొటనవేలి మొదట్లో చర్మం పగిలి ఉంది. మామ్మ ఒక గాజు తీసి ఎక్కించబోతే అది కణుపు దగ్గరే ఆగిపోయింది. కోడలు పెదవి కొరుక్కుంది. మామ్మ గాజు వెనక్కి తీసేసి, కొంచెం పెద్ద కొలత వేస్తానంది.

పెద్దావిడ నవ్వింది. పక్కింటి వాళ్ళిద్దరు కూడా అక్కడే ఉన్నారు. "మా ఇంటికొచ్చేక తిని తిని బలిసిందన్నమాట. పెద్ద కొలతేటీ ఒద్దు. అదే ఎయ్యి" అంది.

కోడలు తల దించేసుకుంది. ఆమె కళ్ళు నిండడం అరుగు కింద కూర్చున్న నాకు మాత్రమే కనబడింది. మామ్మకూ కనబడే ఉంటుంది.

మామ్మ మళ్ళీ గాజు తీసింది. టప్‌మని చిట్లింది. ఇంకోటి తీసింది. అదీ చిట్లింది. మూడోది కూడా అంతే. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఎందుకంటే ఆ మూడింట్లో ఒక్కటి కూడా కోడలి చేతిని తాకలేదు. తాకకముందే మామ్మ బొటనవేలు వంగింది, గాజు విరిగింది.

పెద్దావిడ ఉలిక్కిపడి లేచింది. "శుక్రారం పూట కోడలి సేతిమీద మూడు గాజులు సిట్లడమేటి!"

"కోడలి సెయ్యి తగల్నేదమ్మా, నా సేతిలోనే సిట్లేయి" అంది మామ్మ నెమ్మదిగా. "ముసల్దాన్నైపోనాను. యేళ్ళకి వణుకొచ్చింది. ఈ పూటకి ఆ పెద్ద గాజులే ఏసెల్తాను. బిగువైనవి ఇంక నా వల్ల కాదు."

పెద్దావిడ సణుక్కుంటూనే ఒప్పుకుంది. పెద్ద కొలత గాజులు కోడలి రెండు చేతులకూ హాయిగా ఎక్కాయి. పక్కింటి వాళ్ళు మాత్రం మామ్మ వినేలాగే, ముసల్దాని పని అయిపోయిందనుకున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. వణుకా? పొద్దున్నే సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించిన చెయ్యి అది.

అక్కడి నుంచి వీధి చివరి ఇంటికి వెళ్ళాం. ఆ ఇంటి అక్క ప్రతివారం మా కోసం ఎదురు చూసేది. మా కంటే ముందు కబురు వెళ్ళినట్టుంది. ఆ అక్క చేతులు కొంగులో దాచుకుంది. "ఈసారికొద్దులే మామ్మా, నీ సేతికి వణుకంట గదా" అంది.

నేను ఆగలేకపోయాను. "మా మామ్మకి వణుకూ లేదు, ఏటీ లేదు. ఆ ఇంటి కోడలి సెయ్యి నొప్పెడతందని కావాలనే సిట్లగొట్టింది!" అని అరిచేశాను.

అక్క కళ్ళు మెరిశాయి. ఇప్పుడు తలుచుకుంటే ఆ మెరుపుకు అర్థం తెలుస్తుంది. మేం ఊరు దాటకముందే ఆ మాట పెద్దావిడ చెవిన పడి ఉండేది. ఆపైన ఆ కోడలి బతుకేమయ్యేదో.

మామ్మ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. నవ్వింది. "ఒక్కటి ఏసి సూస్తానమ్మా, ఇలా ఇయ్యి" అంటూ అక్క చెయ్యి అందుకుని మలారం నుంచి ఒక గాజు తీసింది. అది వేళ్ళ దాకా వెళ్ళనే లేదు. టప్‌మంది. ఈసారి మామ్మ వేలు తెగి రక్తం కూడా వచ్చింది.

"సూసేవా? మా గుంటపిల్లకి మామ్మంటే పేణం. అందుకని కతలు సెప్తాది" అంది మామ్మ.

అక్క చెయ్యి వెనక్కి లాక్కుంది. పాపం మామ్మా అని నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నా వైపు చూసి, అబద్ధాలు ఆడకూడదమ్మా అని బుద్ధి కూడా చెప్పింది.

తిరుగు దారిలో నేను మామ్మకు నాలుగడుగుల ముందే నడిచాను. నిజం చెప్పిన నేను అబద్ధాలకోరునయ్యాను. అబద్ధమాడిన మామ్మ మీద అందరూ జాలిపడ్డారు. చెరకు తోటల మధ్య గట్టు మీద మామ్మ ఆగి, కొంగు అంచు చింపి వేలికి చుట్టుకుంది. అప్పుడు నా కోపం బయటికొచ్చింది.

"అబద్దం ఆడేవు నువ్వు."

"ఆడేను."

"ఆడకూడదని బళ్ళో మేస్టారు సెప్పేరు."

"ఆయన సరిగ్గానే సెప్పేరు" అంది మామ్మ. కాసేపు ముడి సర్దుకుని, "ఒసే, ఆ గాజులు బేరమాడిందెవరు? అత్త. ఏసుకున్నదెవరు? కోడలు. మనం వచ్చీసేక ఆ పిల్ల ఆ ఇంట్లోనే ఉండాల. సెయ్యి లావెక్కిందని నాను గట్టిగా అంటే, ఆ మాట దాన్ని రోజూ పొడుస్తాది. నా యేళ్ళు వణికేయంటే నన్నేటి సేత్తారు? ఓ వారం నవ్వుకుంటారు" అంది.

"మరి ఆ అక్క దగ్గర నాను నిజం సెప్తే ఏటి?"

"ఓ ఇంట్లో సూసింది ఇంకో ఇంట్లో సెప్పేదానికి ఏ ఆడదీ సెయ్యి ఇవ్వదే. అది మాత్తరం గుర్తెట్టుకో."

నాకు ఇంకా అయోమయంగానే ఉంది. ఆ అమ్మాయి మీద జాలితో చేశావా, వ్యాపారం కోసం చేశావా అని అడిగాను. మామ్మ నిజంగానే ఆలోచించింది. "ఏటోనే. రెండూ యేరుగా ఎప్పుడూ సూసుకోలేదు" అని మలారం భుజానికెత్తుకుంది.

ఆ తర్వాత వచ్చిన రోజులు నన్ను ఇంకా అయోమయంలో పడేశాయి. మంచి పని చేస్తే మంచి జరగాలి కదా. వడ్డాదిలో మామ్మను పిలిచే ఇళ్ళు సగానికి పడిపోయాయి. ఇంకో గాజులామె ఆ ఊరికి రావడం మొదలుపెట్టింది. చేతులారా బేరం చెడగొట్టుకున్నావని మా తాతయ్య గొణిగేవాడు. మామ్మ రావికమతం వైపు పల్లెలకు తిరగడం మొదలుపెట్టింది. అక్కడ ఎవరికీ ఆమె పేరు తెలియదు. ప్రతి గుమ్మం దగ్గరా మళ్ళీ మొదటి నుంచి నమ్మించుకోవాలి. ఒక్కోరోజు మధ్యాహ్నం దాకా ఒక్క చెయ్యి కూడా దొరికేది కాదు. మామ్మే తప్పు చేసిందేమోనని నాకూ అనిపించేది.

కొన్ని నెలల తర్వాత ఒక ఉదయం ఆ కోడలు మా ఇంటికి వచ్చింది. వెంట ఆమె అన్న ఉన్నాడు. పుట్టిల్లు చీడికాడ అట. ఐదో నెల, పురిటికి ఇంకా టైముంది గాని, సీమంతానికి గాజులు వేయడానికి మామ్మే రావాలని చెప్పడానికి వచ్చారు. అప్పటిదాకా వేసుకోవడానికి గాజులు కావాలంటూ, చాప మీద కూర్చుని ఆ అమ్మాయి రెండు చేతులూ చాపింది. ఆ రోజు అత్త పదే పదే అడిగితే, ముసలమ్మ వేళ్ళు వణకడం తను కూడా చూశానని అత్తతో చెప్పానంది. అలా చెబుతూనే మామ్మ కళ్ళలోకి చూసి అడిగింది.

"నిజంగా వణుకేనా మామ్మా?"

"వణుకేనే తల్లీ" అంది మామ్మ. అంటూనే రెండు చేతులకూ గాజులు వేసేసింది, ఒక్కటి కూడా చిట్లకుండా. ఆ అమ్మాయి తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత నా వైపు చూసింది. నా నాలుక చివరి దాకా మాట వచ్చింది. మింగేశాను. అలా మింగడం అదే మొదటిసారి.

చీడికాడలో మామ్మకు బాగానే ఇళ్ళు దొరికాయి. వడ్డాది మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఆ లెక్కన ఆ రోజు మామ్మకు లాభమా, నష్టమా? నాకు తెలియదు.

నేను పెద్దయ్యాక చోడవరంలోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టాను. ముప్పై ఏళ్ళు పైనే. కొలతలు ఇచ్చేటప్పుడు ఆడవాళ్ళు ఎన్నో మాటలు చెప్పుకుంటారు, చెప్పుకోనివి ఒంటి మీద కనిపిస్తాయి. ఒకరి సంగతి ఇంకొకరి దగ్గర ఎత్తలేదు. దుకాణం నిలబడటానికి నా కుట్టుపని కంటే అదే ఎక్కువ సాయపడిందనుకుంటాను.

ఒకసారి ఒక తల్లి పెళ్ళికూతురిని వెంటబెట్టుకుని వచ్చి జాకెట్టు బిగువైపోయిందని అందరి ముందూ కూతుర్నే తిట్టడం మొదలుపెట్టింది. కొలత కాగితం నా చేతిలోనే ఉంది. నా కుట్టులో తప్పు లేదు. "నేనే తప్పు కత్తిరించానమ్మా, వదులు చేసి ఇస్తాను" అన్నాను. వాళ్ళు వెళ్ళాక నా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి, తప్పు మనది కాదు కదా పిన్నీ, అలా ఎందుకన్నారని అడిగింది. అబద్ధమాడటం మంచిదని చెప్పలేను. నిజం చెప్పి ఉండాల్సిందనీ చెప్పలేను. చివరికి ఒక్క మాటే అన్నాను. డబ్బు ఎవరిచ్చినా, కొలత తీసేటప్పుడు వేసుకునే మనిషి మొహం చూడమన్నాను. ఆ మొహం చూశాక ఏం చెయ్యాలో మాత్రం నాకూ ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది.