తంగేడు కషాయానికి పెట్టిన పరీక్ష

నా చిన్నప్పుడు గోపన్‌పల్లి నుంచి పట్నం పోవడమంటే ఒక పూట పని. లింగంపల్లి దాకా నడిచి, అక్కడ రైలో బస్సో పట్టుకోవాలి. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం ముదిరాక ఆ రెంటికీ నమ్మకం లేకుండా పోయింది. ఒకరోజు బంద్ అనేవారు, ఇంకోరోజు కర్ఫ్యూ అనేవారు. మా బడికి తాళం పడి నెలలయింది. నాకు తొమ్మిదేళ్ళు, బడి లేకపోతే పండగే. మా తాతయ్యకు మాత్రం ఆ బందులు ప్రాణం మీదికి తెచ్చాయి.

తాతయ్యకు చక్కెర జబ్బు. పట్నం డాక్టరు రాసిన గోళీలు అయిపోయాయి, తెచ్చే దారి లేదు. మా నాయనమ్మ చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. ఊరి బయట బండరాళ్ళ మధ్య పూసిన తంగేడు పూలు ఒడినిండా కోసుకొచ్చి, నీడన ఆరబెట్టి, పొద్దునా సాయంత్రం కషాయం కాచి ఆయన చేత తాగించడం మొదలుపెట్టింది. తంగేడు పువ్వును మేం పప్పులో వేసుకుని తినేవాళ్ళం, బతుకమ్మలో పేర్చేవాళ్ళం. అది మందని నాయనమ్మకు వాళ్ళమ్మ చెప్పిందట. వాళ్ళమ్మకు ఎవరు చెప్పారని అడిగితే నాకు మొట్టికాయ పడింది.

మా పక్కింటి అక్క పట్నంలో బీఎస్సీ చదివేది. కాలేజీ మూతపడి ఇంటికి వచ్చేసింది. ఊళ్ళో అందరూ నాయనమ్మ కషాయాన్ని నమ్మేవాళ్ళో, నవ్వేవాళ్ళో అయితే, అక్క ఆ రెండూ చేయలేదు. పరీక్ష పెడదామంది. తాతయ్య పెట్టెలో డాక్టరు ఇచ్చిన నీలం రంగు మందునీళ్ళ సీసా ఒకటి ఉండేది. అప్పట్లో చక్కెర ఉన్నదీ లేనిదీ దానితోనే తెలిసేది. గాజు గొట్టంలో ఆ నీళ్ళు కొంచెం పోసి, మూత్రం ఎనిమిది చుక్కలు వేసి, దీపం మీద కాచాలి. చక్కెర లేకపోతే రంగు నీలంగానే ఉంటుంది. ఉంటే ఆకుపచ్చకో పసుపుకో తిరుగుతుంది. మరీ ఎక్కువైతే ఇటుక రంగు వస్తుంది. కషాయం మొదలుపెట్టక ముందే అక్క ఒకసారి చూసింది. ఇటుక రంగు వచ్చింది. తన నోటుపుస్తకంలో రాసుకుంది. ఐదు రోజులు కషాయం తాగాక, ఆరో రోజు పొద్దున మళ్ళీ చూడాలని అనుకున్నారు.

ఆ ఆరో రోజే రాళ్ళ లారీ పట్నం పోతుందని కబురొచ్చింది. కర్ఫ్యూ సడలించారట. లారీ నడిపే పెద్దాయన తాతయ్యకు ఎరుక. ఎండ నడినెత్తికి రాకముందే బయలుదేరతాననీ, కావాలంటే దవాఖాన దగ్గర దింపుతాననీ, మళ్ళీ ఎప్పుడు పోతానో తనకే తెలియదనీ చెప్పి పంపాడు. ఇటుక రంగు వస్తే తాతయ్య లారీ ఎక్కాలి. నీలం నీలంగానే ఉంటే ఇంట్లోనే ఉండొచ్చు. ఆ రాళ్ళదారిలో, ఆ గొడవల్లో, ఆయన్ని పంపడం నాయనమ్మకు సుతరామూ ఇష్టం లేదు. ఆ పొద్దున ఆమె దేవుడి పటం ముందు రెండు తంగేడు పూలు పెట్టడం నేను చూశాను.

అక్క వాళ్ళమ్మ ఆ పరీక్షను తన ఇంటి గడప తొక్కనివ్వలేదు. అందుకని అక్క మూతపడిన మా బడి అరుగు మీద దీపం పెట్టుకుని కూర్చుంది. తాతయ్య మూత్రం పట్టిన చిన్న సీసా అక్కడికి చేర్చే పని నాది. కాగితం ఉండ చుట్టి మూతగా పెట్టి, "ఒక్క చుక్క కూడా ఒలకబొయ్యకు బిడ్డా, దాంట్లనే నా జాతకముంది" అన్నాడు తాతయ్య నవ్వుతూ.

సగం దారిలో ఊరేగింపు ఎదురైంది. నల్లగండ్ల వైపు నుంచి వస్తున్న కుర్రాళ్ళు, మా ఊరి వాళ్ళు, అందరూ గొంతు చించుకుంటున్నారు. ఆ అరుపు వింటే నాకు ఒళ్ళు ఆగేది కాదు. వాళ్ళ పక్కనే ఉరుకుతూ, పిడికిలి పైకెత్తి "జై తెలంగాణ" అన్నాను. ఎత్తిన చేతిలోనే సీసా ఉందన్న సంగతి, అది నా తల మీద ఒలికాక గుర్తొచ్చింది.

ఊరేగింపు వెళ్ళిపోయింది. నేనూ, ఖాళీ సీసానూ మిగిలాం. ఇంటికి తిరిగి పోవాలంటే నాయనమ్మ కళ్ళు గుర్తొచ్చాయి. బడికి పోవాలంటే అక్క గుర్తొచ్చింది. ఏడ్చాను. ఆ తర్వాత తంగేడు పొదల వెనక్కి పోయి, ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే, ఆ సీసాను నేనే నింపాను. కాగితం ఉండ మళ్ళీ బిగించి, తల తుడుచుకుని, అక్కకు ఇచ్చాను.

దీపం మీద గొట్టం బుడబుడలాడింది. అక్క కళ్ళార్పకుండా చూసింది. నీలం నీలంగానే ఉంది. అక్క గొట్టాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుంది. పుస్తకంలో ఒక్క ముక్క రాసి, దీపం కూడా ఆర్పకుండా మా ఇంటికి పరుగెత్తింది.

మా వాకిట్లో నిలబడే అందరికీ ఆ సంగతి చెప్పింది. నాయనమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నా పువ్వు గెలిచింది" అని తాతయ్య కాళ్ళ దగ్గరే కూర్చుండిపోయింది. తాతయ్య లారీ వద్దని కబురు పంపాడు. ఎన్నాళ్ళనుంచో మానేసిన బెల్లం ముక్క ఒకటి అడిగి నోట్లో వేసుకున్నాడు. వీధి చివరి ముసలామె వచ్చి, తన పెనిమిటికి కూడా ఇదే జబ్బని, ఇగ ఆ గోళీలు ఆపేసి పువ్వే పోస్తానని దోసిలి పట్టింది. నాయనమ్మ దోసిలినిండా ఎండు పూలు పోసింది. నేను దొంగకు తేలు కుట్టినట్టు గోడకు అతుక్కుని నిలబడ్డాను.

తాతయ్య చెంబెడు నీళ్ళు తాగాడు. కాసేపటికి ఇంకో చెంబు తాగాడు. గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి వచ్చాడు. ఆయన వచ్చాక నేను ఎందుకు పోయి చూశానో తెలియదు. దడి వారన, ఆయన రోజూ పోయే చోట చీమలు బారులు కట్టి ఉన్నాయి. చక్కెర జబ్బున్న మనిషి ఉచ్చకు చీమలు పడతాయని నాయనమ్మే నాకు చెప్పింది. గొట్టాన్ని నేను మోసం చేయగలిగాను గానీ, చీమలను ఎవరు మోసం చేస్తారు. తాతయ్య చచ్చిపోతాడు, నా వల్ల చచ్చిపోతాడు అనుకున్నాను. బడి వైపు పరుగు తీశాను.

అక్క అప్పటికే అక్కడికి తిరిగొచ్చి అరుగు మీద గొట్టాలు కడుగుతోంది. నేను చెప్పింది సగం ఏడుపే. ఆమె చేతిలో గొట్టం ఆగిపోయింది. కొడుతుందనుకుని కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచేసరికి అక్క అరుగు మీద కూలబడి ఉంది.

"తప్పు నాది గూడ ఉంది పిల్లా," అంది. "నాకు కావాల్సిన రంగు కండ్ల పడంగనే లేచి ఉరికిన. అదే ఎర్రగ వస్తే ఇంకోపారి చూస్తుంటి."

వెంటనే లేచింది. నన్ను లారీ దగ్గరికి పొమ్మంది, కాళ్ళు పట్టుకునైనా ఆపమంది. తను దీపం, గొట్టాలు తీసుకుని మా ఇంటికి నడిచింది. లారీ పెద్దాయన నా ముఖం చూసి కారణం అడగలేదు. బీడీ ముట్టించి, అది అయిపోయేదాకా ఆగుతానన్నాడు. ఆ బీడీ వైపు వెనక్కి వెనక్కి చూసుకుంటూ ఇంటికి పరుగెత్తాను.

అక్క మా వాకిట్లోనే దీపం పెట్టింది. పరీక్ష చెడిపోయిందనీ, మళ్ళీ చేయాలనీ మాత్రం చెప్పింది. నా పేరు ఎత్తలేదు. ఈసారి రెండు గొట్టాలు పెట్టింది. రెంటిలోనూ నీలం నీళ్ళు పోసి, ఒకదానిలో తాతయ్య అప్పుడే పట్టి ఇచ్చిన మూత్రం చుక్కలు, రెండోదానిలో ఉత్త మంచినీళ్ళ చుక్కలు వేసింది. రెంటినీ అందరి ముందూ కాచింది. మంచినీళ్ళది నీలంగానే ఉంది. తాతయ్యది ముందు పచ్చబడింది, తర్వాత పసుపు, ఆ తర్వాత కుండపెంకు రంగులోకి తిరిగి అక్కడే ఆగింది. లారీ హారన్ ఒకసారి వినిపించింది.

నాయనమ్మ ముఖం చూడలేకపోయాను. అక్క ఆమె చేయి పట్టుకుని, "పువ్వు మంచిది గాదని నేనంటలేనవ్వా. ఈ ఐదు దినాలల్ల తాతకు అది సాల్లేదు. ఇంతే తెలిసింది, ఇంతకన్న నాకు తెల్వది" అంది. నాయనమ్మ లోపలికి పోయి తాతయ్య ధోవతి, తువ్వాలు మూట కట్టింది. ఆయన్ని లారీ ఎక్కించి వస్తూ, వీధి చివరి ముసలామె గుమ్మం ముందు ఆగి, గోళీలు ఆపొద్దని తన నోటితోనే చెప్పింది. ఆ మాట చెప్పడానికి ఆమెకు ఎంత కష్టమైందో పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం అక్క నోటుపుస్తకం నా ముందు పెట్టింది. పొద్దున రాసిన "నీలం" అనే మాటను కొట్టేస్తుందనుకున్నాను. కొట్టేయలేదు. దాని పక్కన నా చేత రాయించింది. "ఒలికింది. నేను వేరే పోసిన." నా అక్షరాలు వంకరగా వచ్చాయి, మీద రెండు చుక్కల కన్నీళ్ళు కూడా పడ్డాయి. ఒలకడం తప్పు కాదని, ఒలికినట్టు రాయకపోవడమే తప్పని అంది.

తాతయ్య దవాఖానలో పద్దెనిమిది రోజులున్నాడు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడట. తిరిగొచ్చిన రోజు నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చెవిలో, "ఒకటైతే తెలిసింది బిడ్డా. నీకైతే చక్కెర బీమారి లేదు" అన్నాడు. ఎవరు చెప్పారో నేను అడగలేదు. ఆయన ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు, ఆ మాట ఇంకెవరి ముందూ అనలేదు.

ఇప్పుడు ఆ బండరాళ్ళ చోట అద్దాల మేడలు లేచాయి. వాటిలో ఒకదానిలో మా మనవరాలు పూల నుంచి సారం తీసి, మందు గుణం ఉందో లేదో పరీక్షిస్తుంది. మొన్నామధ్య తంగేడు కూడా చూస్తున్నామని చెప్పింది. ఫలితం అనుకున్నట్టే వచ్చిందని గంతులేస్తూ ఇంటికొచ్చిన రోజు, "ఇంకోసారి చూశారా" అని అడిగాను. విసుక్కుంది. మర్నాడు చూశారట. ఏం వచ్చిందో ఇంకా చెప్పలేదు, నేనూ తొందరపెట్టలేదు.

తాతయ్య మాట పూర్తిగా నిజం కాలేదు. చక్కెర నాకూ వచ్చింది. పొద్దున్నే వేలు గుచ్చుకుని చిన్న మిషన్‌లో అంకె చూసుకుంటాను. అంకె ఎక్కువగా వస్తే నమ్మి మాత్ర వేసుకుంటాను. నాకు నచ్చినంత తక్కువగా వచ్చిన రోజు మాత్రం చేయి కడుక్కుని, ఇంకో వేలు గుచ్చుకుంటాను.