అక్క పాడుచేసిన పట్టు జాకెట్టు

తొంభైల్లో మేం తణుకు దగ్గర ఓ ఊళ్లో ఉండేవాళ్లం. ఇంటర్ తప్పాక మా అక్క బయటికి రావడం మానేసింది. అమ్మే బలవంతాన కుట్టు నేర్చుకోవడానికి పంపింది. నాలుగు నెలలకు ఇంట్లోకి మిషను వచ్చింది.

మొదటి పట్టు జాకెట్టు పక్కింటి పిన్నిగారిదే. తమ్ముడి పెళ్లికని ముచ్చటపడి కొనుక్కున్న నెమలికంఠం రంగు గుడ్డ. పెళ్లి రెండు రోజులుందనగా తొడిగి చూసుకుంటే చెయ్యి పైకి లేవలేదు.

అక్క ముఖం పాలిపోయింది. పిన్నిగారు తిట్టలేదు. అలాగని నవ్వనూ లేదు. "పోన్లే" అని గొంతులోనే అనుకుని వెళ్లిపోయారు. పెళ్లికి పాత జాకెట్టే వేసుకున్నారు. అక్క మిషను మీద దుప్పటి కప్పేసింది. అన్నం కూడా సరిగా తినలేదు.

పెళ్లి నుంచి వచ్చాక పిన్నిగారు ఓ పాత నూలు చీర, ఆ పట్టు జాకెట్టు పట్టుకుని మా వసారాలోకొచ్చారు.

"ఇది చిరిగిపోయే చీరేనమ్మా. దీంట్లో నాకో జాకెట్టు కుట్టు."

"నా వల్ల కాదండి పిన్నిగారూ. నాకు రాదు."

"రాదంటే ఎలాగ? ఎక్కడ తప్పిందో ఒక్కసారైనా చూశావా?"

చూడలేదు. ఆ జాకెట్టు వైపు కన్నెత్తడానికే అక్కకు భయం.

ఆవిడ అక్కడే చాప మీద కూర్చుని కుట్లు విప్పడం మొదలుపెట్టారు. కాసేపటికి అక్క కూడా పక్కన చేరింది. విప్పిన చేతి ముక్కను, అప్పట్లో పిన్నిగారు కొలతకిచ్చిన జాకెట్టు మీద పరిచి, అక్క ఉన్నట్టుండి ఆగిపోయింది.

"పక్కల కుట్టుకి గుడ్డ వదిలానండి. చేతులకి మర్చిపోయాను."

"అంతేనా! అంతదానికా ఇన్నాళ్లు ఏడ్చావ్?"

అక్క ఏడుస్తూనే నవ్వింది.

నూలు జాకెట్టు మరీ వదులైంది. పిన్నిగారు దాన్నే తొడుక్కుని వారమంతా వీధిలో తిరిగారు. ఆ తర్వాతది సరిపోయింది.

ఇప్పుడు అక్కకు రావులపాలెంలో సొంత కొట్టుంది. నేర్చుకునే పిల్లలు గుడ్డ పాడుచేసి బిక్కమొహం వేస్తే ముందు మంచినీళ్లిస్తుంది. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల చేతే కుట్లు విప్పిస్తుంది.