వెండిబిళ్ళ చేపలు, కడగని తోటకూర

చిన్నప్పుడు మా ఇంటి ముందుగదిలో కుర్చీలకి చోటుండేది కాదు... నాలుగడుగుల గాజుతొట్టి ఉండేది. ఎనభైల్లో సత్తెనపల్లిలో అదో వింత. ఫొటోలకి అద్దాలు కోసే అతని చేత నాన్న దగ్గరుండి చేయించారు. నీళ్ళు కారితే లప్పం... మళ్ళీ కారితే మళ్ళీ లప్పం. అమ్మ కింద ఓ గోనెపట్టా పరిచి ఊరుకుంది.

అందులో ఏడు చేపలు. నాన్న స్నేహితుడొకాయన మద్రాసు నుంచి ప్లాస్టిక్ సంచిలో తెచ్చారు. వచ్చినప్పుడు పావలా బిళ్ళంత ఉన్నవి, ఏడాది తిరిగేసరికి అరచేయంత అయ్యాయి. గుండ్రంగా, పల్చగా, తెల్లగా... ఏదో ఇంగ్లీషు పేరు చెప్పారు గానీ మాకు నోరు తిరగలేదు. వెండిబిళ్ళలు అనేసుకున్నాం.

అంత ఒళ్ళున్నా ఒకదాని జోలికి ఒకటి పోయేది కాదు. ఒకటి తిరిగితే ఏడూ తిరిగేవి. పైగా ఆకు తినే చేపలు... తోటకూర దారంతో చిన్న రాయికి కట్టి వదిలితే పొద్దుటికి కాడలు మాత్రం మిగిలేవి.

"పులుసెప్పుడండీ మాస్టారూ?" అని వీధిలో వాళ్ళు ఆటపట్టించేవాళ్ళు.

"మా ఇంట్లో చేపలక్కూడా పప్పూ కూరేనయ్యా" అనేవారు నాన్న.

నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. సాయంత్రానికి గొంతు పోయి, తల పగిలిపోతూ వచ్చేవారు. అంతకుముందు సైకిల్ స్టాండు చప్పుడు వింటే నేను పెరట్లోకి జారుకునేదాన్ని... ముక్కు మీద కోపం మరి. చేపలొచ్చాక ఆయన చొక్కా కూడా విప్పకుండా తొట్టి ముందు కూర్చునేవారు. అరగంటకి మామూలు మనిషై లేచేవారు. "ఇవి మన ఇంటికి వచ్చిన దేవతలే" అని అమ్మ పక్కింటి పిన్నిగారితో అంటుండేది. అమ్మ ప్రాణానికి అంత సుఖం అంతకుముందు ఎప్పుడూ లేదు.

మా వైపు ఆకుకూర ఎక్కడిదనుకున్నారు... మిరప చేలల్లో, పత్తి చేలల్లో సాళ్ళ మధ్య మొలిచిందే. ఆకుకూరలమ్మే ఆవిడ పొద్దున్నే కోసుకొచ్చేది. పురుగుమందు కొట్టే రోజుల్లో అమ్మ దాన్ని ఉప్పు నీళ్ళలో నానబెట్టి, మూడు నీళ్ళు కడిగితే గానీ పొయ్యెక్కించేది కాదు. చేపలకీ అంతే.

ఆ రోజు అమ్మకి ఒంట్లో బాగాలేదు. "చేపలకి ఆకు వెయ్యవే... కడిగి వెయ్యి" అంది పడుకునే. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆడుకోడానికి పోవాలి. నీళ్ళల్లో ఉండేవాటికి మళ్ళీ కడిగి పెట్టడమేంటి అనుకున్నాను... అలాగే రాయికి కట్టి వదిలేశాను.

తెల్లారేసరికి ఆరు వెండిబిళ్ళలు పక్కకి ఒరిగి తేలుతున్నాయి. ఒక్కటి మిగిలింది.

నాన్న అరుస్తారనుకున్నాను. అరవలేదు. "ఆకు ఎవరు వేశారు?" అన్నారంతే. నేను తలుపు చాటుకి జరిగాను.

"నేనేనండీ" అంది అమ్మ. "ఒంట్లో బాగోక... కడగడం మర్చిపోయాను."

"అంత చిన్న పని కూడా చేతకాలేదా నీకు" అన్నారు నాన్న.

వంటింట్లోకి వెళ్ళి అమ్మ కొంగు పట్టుకుని ఏడ్చాను. "ఊరుకోవే. నీకైతే దెబ్బలు పడతాయి, నాకు మాటలేగా" అంది. ఆ ఒక్కటీ తప్ప మాటలు కూడా పడలేదు అమ్మకి. పది రోజులు నాన్న ఆమెతో మాట్లాడలేదు. అన్నం కావాలన్నా, మంచినీళ్ళు కావాలన్నా "మీ అమ్మకి చెప్పు" అనేవారు నాతో... నాతో. నేను మోసేదాన్ని ఆ కబుర్లన్నీ.

మిగిలిన చేప మేత ముట్టలేదు. మందతో బతికేదానికి ఒంటరిగా ఎలా ఉండాలో తెలియదు కదా... ఓ మూల నక్కి ఉండేది. నాన్న గడ్డం గీసుకునే అద్దం తెచ్చి తొట్టికి ఆనించి పెట్టారు. అది మెల్లగా వచ్చి అద్దంలో చేప పక్కన నిలబడింది. ఆ వేసవి దాకా అలాగే బతికింది. నాన్న అద్దం లేకుండా గీసుకుని, బుగ్గ మీద గాట్లతో బడికి వెళ్ళేవారు.

తర్వాత తొట్టిలో అమ్మ ఎండుమిరపకాయలు పోసుకుంది. సైకిల్ స్టాండు చప్పుడుకి మళ్ళీ ఇల్లంతా గప్‌చుప్ అయ్యేది.

అమ్మ పోయి ఆరేళ్ళు. నాన్న నా దగ్గరే ఉంటున్నారు. ఇప్పుడు కోపం లేదు, ఓపికా లేదు. నాకూ లేదు లెండి... ఇద్దరం టీవీ ముందు కూర్చుని మాటల్లేకుండా గంటలు గడిపేస్తాం. వెతుక్కుంటే అన్ని రంగుల చేపలూ ఫోన్లోనే ఈదుతున్నాయి ఇప్పుడు. నీళ్ళు మార్చక్కర్లేదు, ఆకు కడగక్కర్లేదు.

మొన్న పప్పులో తోటకూర కలుపుకుంటూ అన్నారు నాన్న. "మంచి మనిషే మీ అమ్మ... కానీ నా చేపల్ని చంపేసింది."

ఇలా చాలాసార్లు అన్నారు. మొన్న కూడా చెబుదామని నోరు తెరిచాను... "ఇంకొంచెం నెయ్యి వెయ్యనా నాన్నా" అన్నాను.

ఆయనకి ఇప్పుడు అక్షరాలు ఆనవు, ఇది చదవలేరు. అందుకే ఇక్కడ రాయగలిగాను. మీ తప్పుని కూడా ఎవరైనా నెత్తిన వేసుకుని ఉంటే, ఆ కబురు కింద చెప్పండి... కాదు, ముందు వాళ్ళకి చెప్పి రండి. నాకు ఆ అవకాశం ఆరేళ్ళ కిందటే పోయింది. సగం మిగిలింది, అదీ ఎదురుగానే కూర్చుని ఉంది, ఈ రోజు కూడా చెప్పలేదు.