వైర్‌లెస్ మాస్టారి కాగితం

ఈ ఉదయం పక్కింటి డాబా మీద ఏరియల్ తీగకు ఎవరో తడి తువ్వాళ్లు ఆరేశారు. ఆయన ఉండగా ఆ తీగ జోలికి ఎవరూ వెళ్లేవారు కాదు. గుణదలలో మేమంతా వైర్‌లెస్ మాస్టారు అని పిలిచే పెద్దాయన నిన్న మధ్యాహ్నం పోయారు.

వైర్‌లెస్ ఆఫీసులో రిటైరయ్యాక ఆయనకు ఒకటే ధ్యాస. జీపులో వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని కొత్తచోటికి వెళ్లినవాళ్లు, అక్కడ ముందే మాట్లాడుకుంటున్న సెట్లతో మొదటిసారి ఎలా కలవాలి? అందరూ ఒకేసారి పిలిస్తే ఎవరి పిలుపూ వినపడదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తున్న అమ్మనూ నన్నూ ఆపి, వాళ్లావిడతో పాటు వసారాలో గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. చప్పట్లు కొట్టగానే పేర్లు చెప్పమన్నారు. ముగ్గురం ఒక్కసారే అరిచాం.

"చేపల బజారు!" అని నవ్వి, తలా ఒక అంకె ఇచ్చారు. "జీపు నంబర్లో చివరి అంకె అనుకోండి. ముందు వినాలి. ఖాళీ దొరికాక ఆ అంకె దాకా లెక్కపెట్టుకుని పేరొక్కటే చెప్పాలి. విన్నవాళ్లే పలుకుతారు. ఎవరి వంతో చెప్పడానికి పైన పెద్ద ఆఫీసరెందుకు?"

"ముప్పై ఏళ్లుగా నా మాటకు అడ్డు రాకుండా ఉండటం చేతకాలేదు గానీ, జీపులకు నేర్పుతారటండీ!" అన్నారు ఆవిడ అమ్మతో.

ఈసారి మూడు పేర్లూ విడివిడిగా వినిపించాయి. నాకు మాట త్వరగా రాదు; నోరు తెరిచేలోగా అందరూ విసుక్కుంటారు. ఆయన మాత్రం ఎప్పుడూ ఆగేవారు.

"నీది కాన్వెంటు ఇంగ్లీషు, మా ఆఫీసువాళ్లు చదువుతారు" అని ఆ పద్ధతిని నాచేత ఒక పేజీలో రాయించారు. ఆ తర్వాత రోజూ పోస్టుమాన్ కోసం గేటు దగ్గర నిలబడేవారు. "చదువుతుంటార్లే అమ్మాయ్" అనేవారు నాతో.

తుఫాను వచ్చింది. సముద్రం పక్క ఊళ్లకు జీపులు వెళ్లాయి. మాస్టారి రిసీవర్లో ఆ గొంతులు ఒకదానిమీద ఒకటి పడి నలిగిపోతున్నాయి. ఆ సెట్లతో మాట్లాడే లైసెన్సు ఆయనకు లేదు, వినడమే. "ఒక్కరు ఆగండయ్యా, ఒక్కరు" అని పెట్టెను బతిమాలారు. పడవ పంపమంటున్న ఒక గొంతు పదేపదే మొదలై, పదేపదే మునిగిపోయింది. మధ్యాహ్నం తర్వాత అది మళ్లీ రాలేదు.

ఆయన రిసీవర్ మీద గుడ్డ కప్పేశారు. "చదివి పక్కన పడేసుంటారు" అన్నారు ఒక్కసారే.

పొద్దున చూడటానికి వచ్చినవాళ్లు కూడా ఆ ఆఫీసునే తిడుతున్నారు. "ముసలాయన మాట వింటే వాళ్ల సొమ్మేం పోయేది?"

ఆ కాగితం ఆఫీసుకు చేరలేదు. ఇచ్చిరమ్మని నా చేతికే ఇచ్చారు. మెట్లు ఎక్కాను. గుమాస్తా తలెత్తి "ఏం కావాలమ్మా?" అనగానే వెనక్కి వచ్చేశాను. ఆ కాగితం ఇంకా నా డిక్షనరీలోనే ఉంది.