మూత తీసి వాసన చూసేటోడు

మా కొడుకు పోయిండన్న ముచ్చట నాకు ఎవ్వరు నోటితోని చెప్పలే. ఆ పొద్దుగాల మా కోడలు టీవీ బంద్ చేసి రిమోట్ కొంగుల దాచింది. గప్పుడే నాకు అనుమానమొచ్చింది. మా ఇంట్ల బంద్ చేస్తే ఏమైతది, పక్కింటి టీవీ గోడలకెళ్ళి వినపడుతనే ఉంటది. ఆ టీవీల వాని సినిమా నడుస్తుంది. అది కాంగనే ఇంకో సినిమా. అది గూడ వానిదే. ఒక్క మనిషి తీసిన సినిమాలు పొద్దటిసంది వరుసగ ఏస్తున్నరంటే ఆ మనిషికి ఏమయ్యుంటదో నాకు తెల్వదా? ముప్పై ఏండ్లసంది సినిమావోని తల్లిని. కోడలి దిక్కు చూసిన. ఆమె నా దిక్కు చూడలే. అయిపాయె అనుకున్న.

మూడు దినాల ముందట, ఆదివారం నాడు, గుండెల మంటగున్నది, దవాఖానల చూపించుకొని వస్త అని పోయిండు. గేటు కాడ ఆగి, "అమ్మా, వచ్చినంక నీకొక ముచ్చట చెప్పాలె. కొట్టొద్దు మరి" అన్నడు. అరవై దాటినోడు కొట్టొద్దు అంటే నాకు నవ్వు రాలే, అనుమానమొచ్చింది. ఏం ముచ్చట? ఇల్లు అమ్మిండా? బీమారి ఎప్పటిసందో ఉంటే నా కాడ దాచిండా? దవాఖానోళ్ళు వాన్ని ఆడనే ఉంచుకున్నరు. ఆ మూడు దినాలు అదే నన్ను కొరుక్క తిన్నది. ఆ ముచ్చట చెప్పకుండనే పోయిండు.

వాని దోస్తులు పుస్తకం ఏస్తున్నరట. తల్లివి, నువ్వు గూడ రాయాలె అన్నరు. నేను చదివింది నాల్గో తరగతి. అందరు వాన్ని నవ్వుల డైరెక్టర్ అంటరు. నాకు తెలిసినోడు మాత్రం వంటింట్లకొచ్చి కూర మూత తీసి వాసన చూసేటోడు. చిన్నప్పటిసంది వానికి అదే అలవాటు. నాకు తెలిసిందే రాస్త.

మా ఇల్లు పాతబస్తీల ఒక గల్లీల ఉంటది. సినిమావోళ్ళందరు అటు కొండల మీద బంగ్లాలు కట్టుకున్నరు. మావోడు పోలే. "ఆడ ఎవ్వరు కొట్లాడరమ్మా, నేనేం చూసి సినిమా తీయాలె" అనేటోడు.

వేషాలియ్యనీకె వానికొక పద్ధతుండె. ఫోటోలు చూడకపోతుండె. డైలాగులు చెప్పుమనకపోతుండె. ఆదివారం పగటి అన్నానికి మా ఇంటికి పిలుస్తుండె. కొత్తోళ్ళనే కాదు, పాతోళ్ళు గూడ ఒక్కొక్క సినిమాకు ముందు వచ్చి తినిపోవాలె. చాప మీద కూసోవాలె. నేనే వండాలె, నేనే వడ్డించాలె. కోడలు ఇస్తరాకులు, నీళ్ళు చూసుకునేది. మావోడు ఎదురుంగ కూసుంటడు గని తినడు. పెండ్లిచూపులల్ల పిల్లను చూసినట్టు తినేటోని మొహమే చూస్తడు. వాళ్ళు చేయి కడుక్కునే లోపల వేషం ఉన్నదో లేదో తేలిపోయేది.

ఇదేం పద్ధతిరా అని అడిగిన. "అమ్మ ముందట అన్నం తినుడు కన్న కష్టమైన సీను ఏ సినిమాల లేదమ్మా" అన్నడు. నన్ను పొగుడుతుండో ఎక్కిరిస్తుండో తెల్వలే.

ఇగ నా కూర సంగతి. మా గల్లీల ఎవరింట్ల పెండ్లయినా ఉప్పు చూడనీకె నన్నే పిలుస్తరు. గసొంటి నా చేతి కూర సినిమావోళ్ళు వచ్చిన ఆదివారమే ఉప్పుకు ఉప్పయితది. మిగతా దినాలు బరాబర్ ఉంటది. వాళ్ళు పోయినంక నేను తినబోతే ముద్ద మింగనీకె రాకపోతుండె. ఇంత మంది ముందట నా పరువు పోయెనే అని సిగ్గయ్యేది. ముందుగాల నా కండ్లను అనుమానించిన. తర్వాత దుకాణపాయన్ను అనుమానించిన, ఉప్పు మార్చి తెప్పించిన. అయినా గట్లనే. వంటింట్ల నాతోని ఉండేది ఇగ ఎవరు? కోడలు.

మా కోడలు కోస్తా దిక్కు నుంచి నౌకరీకొచ్చి మలక్‌పేటల ఉన్నోళ్ళ బిడ్డ. మాట మాటకు అండి అంటది. ఎన్నడు ఎదురు చెప్పది. గంత నెమ్మదిగ ఉండుడే నాకు అనుమానం. ఉప్పు డబ్బా బీరువాల పెట్టి తాళమేసి, తాళంచెవి బొడ్ల చెక్కుకున్న. ఆ ఆదివారం గూడ ఉప్పెక్కువనే. అంటే ఈమె బయటికెళ్ళి తెచ్చి మరీ ఏస్తుంది అనుకున్న.

ఒక దినం మావోని కుర్తాలు పిండుతుంటే ఒక జేబుల పలుకులు తగిలినయి. నాలుక మీద పెట్టుకొని చూసిన. ఉప్పు. ఏందిరా ఇది అంటే, "సముద్రం ఒడ్డున షూటింగమ్మా, అల మీదికొచ్చింది" అన్నడు. నమ్మిన. లోకాన్నంత అనుమానించిన మనిషిని, కన్నకొడుకును అనుమానించలే.

బహదూర్‌పురాల పంచర్ల దుకాణం ఉన్న ఒకాయన ఉండె. మావోని కారు టైరు పోయి ఆయన కాడ ఆగిండు. ఆయన గిరాకీలను తిట్టే తీరు చూసి, ఆదివారం అన్నానికి రా భాయ్ అని పిలిచిండు. ఇయ్యాల ఆయన తెర మీదికొస్తే చాలు, చిన్నపిల్లలు గూడ నవ్వుతరు. ఆ దినం మాత్రం గోర్లల్ల నల్లగ గ్రీసు, కూసోనీకె మొహమాటం. పక్కన ఇంకొకాయన కూసున్నడు, నాటకాలల్ల మస్తు పేరున్న మనిషి. ఆయన మొదటి ముద్దకే ఇస్తరాకు ముందుకు నూకి, ఉప్పు చూసుకోవద్దా అమ్మా అన్నడు. నా తల భూమిల పోయింది. పంచరాయన మాత్రం నమిలిండు, మింగిండు. మొహంల ఏం కదలలే. "అమ్మీ, ఇంకింత ఎయ్యున్రి. మా అమ్మ పోయినంక గిట్ల ఎవ్వరు పెట్టలే" అన్నడు. ఆయన చెవులు మాత్రం ఎర్రగ అయినయి. మావోడు ఆ చెవుల దిక్కు చూసి, గోడకు మొహం పెట్టి, భుజాలు కదిలేటట్టు నవ్విండు.

పేరున్నాయనను మర్యాదగ కారెక్కించి పంపిండు. పంచరాయనకు వేషమిచ్చిండు. ఎందుకు నవ్వినవురా అంటే, "నవ్వించేటోడు ముందుగాల మింగుడు నేర్వాలమ్మా" అన్నడు. అది గూడ నాకు అర్థం కాలే.

ఒక్కసారి షూటింగ్ చూడనీకె పోయిన. చాంద్రాయణగుట్ట కాడ ఒక చాయ్ హోటల్. సీనుల పంచరాయన పిల్లను అడగనీకె వచ్చిండు, ఎదురుంగ కాబోయే మామ, చాయ్ల ఈగ పడ్డది. తాగాలె. మావోడు ఎన్ని చాయ్‌లు తాగిపిచ్చిండో లెక్క లేదు. "నవ్వు నీ మొహంల కనపడుతుంది భాయ్. నీ మొహంలనే అయిపోతే చూసేటోళ్ళకు ఏం మిగుల్తది?" అన్నడు. గొంతు లేపలే, తిట్టలే. ఒక్కొక్క చాయ్ ఆయనకిచ్చే ముందు తానొక గుక్క తాగి, నోరు కాలదు కద అని చూసుకొని ఇస్తుండె. నా కొడుకు మంచోడే అనుకున్న. మరి ఇంట్ల నాకు జరిగే అన్యాయం ఎందుకు కనపడదు అని గూడ అనుకున్న.

ఆ దినం ఇంటికొచ్చినంక ఆగలే. కోడల్ని నిలవెట్టి అడిగిన. నా చేతికి పేరు రావద్దనే కద నువ్వు కూరల ఉప్పు పోస్తున్నవ్ అన్న. ఇంకా మస్తు అన్న, ఇక్కడ రాయనీకె చేతులొస్తలేవు. ఆమె నా మాటలన్ని విన్నది. "నేను వేయలేదు అత్తయ్యగారూ" అని ఒక్కటే అన్నది. మావోడు గడప కాడ నిలవడి ఉన్నడు, నోరు తెరవలే. తెల్లారి ఆమె వెనుక రేకుల షెడ్డుల వేరే పొయ్యి పెట్టుకుంది. గప్పటిసంది ఇంట్ల రెండు పొయ్యిలు. ఆదివారం ఇస్తరాకులకు మాత్రం ఈడికొచ్చేది, కూర గూడ ఉప్పయితనే ఉండె, నా అనుమానం పోలే. ఏండ్లు గడిచినయి. మావోడు పొద్దున ఆడ, మాపటికి ఈడ తినేటోడు. ఒకసారి నా కాడ తింటనే, "ఈ ఇంట్ల అందరికన్న పెద్ద యాక్టర్ ఎవరో నీకు తెల్వదమ్మా" అన్నడు. తన గురించి చెప్పుకుంటుండు అనుకున్న.

వాన్ని ఇంటికి తెచ్చిన దినం గల్లీ అంత కార్లే. సినిమావోళ్ళందరు నా కాళ్ళ కాడ కూసొని ఏడ్సిన్రు. ఏడ్సుడు వాళ్ళ పని, ఎట్ల నమ్మాలె? మావోడు చెప్పిన మాటొకటి యాదికొచ్చింది, "కండ్లల్ల నీళ్ళు ఎవరన్న తెస్తరమ్మా. ముక్కు కారితేనే నిజం." నేను కూసొని అందరి ముక్కులు చూసిన. కొడుకు ముందట పండుకొని ఉంటే తల్లి చేసే పనేనా అది? గని చేసిన. కొన్ని పొడిగనే ఉండె. కోడలు వంటింటి గోడకు ఒరిగి నిలవడ్డది. కండ్లల్ల సుక్క లేదు. ఇది గూడ మనసుల పెట్టుకున్న.

కర్మలన్ని అయినంక మొదటి ఆదివారం పంచరాయన వచ్చిండు. మావోడు అన్నానికి పిలిచే ఆదివారం కద, రాకుండ ఉండలేకపోయిన అన్నడు. చాప ఏసిన, ఇస్తరాకు ఏసిన, గోంగూర మాంసం పెట్టిన. ఎదురుంగ మావోడు కూసునే జాగ ఖాళీగ ఉంది. ఆయన ఒక ముద్ద నోట్లె పెట్టుకున్నడు. చేయి ఆగిపోయింది. మెల్లగ భుజాలు వణుకుతున్నయి.

"ఏమైంది నాయనా, ఉప్పెక్కువైందా?" అన్న.

"లేదమ్మీ. సరిపోయింది. ఇన్నేండ్లల్ల ఇదే మొదటిసారి సరిపోయింది."

నాకు సమజ్ కాలే. ఆయన కొద్ది కొద్దిగ చెప్పిండు. నన్ను చాప ఏయుమనో తలుపు తీయుమనో పంపి, మూత తీసి వాసన చూస్తున్నట్టు వంగి, జేబులకెళ్ళి ఉప్పు తీసి ఏసేది మావోడేనట. ఆ ఉప్పు కూర నా ముందట, నా మనసు నొవ్వకుండ ఎవరు మింగుతరో వాళ్ళకే వేషమట. మూడో సినిమా అయినంక ఈయనకు చెప్పి ఒట్టు పెట్టించుకున్నడట.

నమ్మలే. నువ్వు యాక్టర్‌వి, నిన్నెట్ల నమ్మాలె అన్న. అంటనే లేచి వాని గదిలకు పోయిన. దవాఖానకు పోయిన ఆదివారం గూడ ఒక కొత్తాయన అన్నానికి రావాల్సి ఉండె. మంట లేచేసరికి మావోడు కుర్తా మార్చుకొని పోయిండు. ఇడిసిన కుర్తా కొక్కేనికే ఉంది. జేబుల చేయి పెట్టిన. పేపరు పొట్లం. ఇప్పిన. దొడ్డుప్పు.

గా ముచ్చటేనా, కొట్టొద్దు అన్నది?

కోపమొచ్చింది. చచ్చిపోయినోని మీద ఇంత కోపం వస్తదని నాకు తెల్వదు. నాకు తెల్వకుండ నన్ను గూడ వాని ఆటల నిలవెట్టిండు. ఎనుకకు మర్రి చూస్తే గడప కాడ కోడలు.

"నీకు తెలుసా?" అన్న.

"తెలుసండి. నాతోనూ ఒట్టు వేయించుకున్నారు. మీకు తెలిస్తే మీ మొహంలో తెలిసిపోతుందట, అప్పుడు తినేవాడికి పరీక్షే ఉండదట. మీరు నన్ను అన్న రోజు నుంచీ చెప్పేస్తాను, చెప్పేస్తాను అనేవారు. ఒకరోజు ఆలస్యమైంది, తర్వాత ఏళ్ళయిపోయాయి. మిమ్మల్ని చూస్తే భయం ఆయనకి."

"మరి నువ్వెందుకు పడ్డవ్? నేను గన్ని మాటలంటుంటే ఎట్ల మింగినవ్?"

ఆమె కొంగుతోని ముక్కు తుడుచుకుంది. మల్ల కారింది, మల్ల తుడుచుకుంది.

వాడు చెప్పిన పెద్ద యాక్టర్ ఎవరో నాకు గప్పుడు తెలిసింది.

వాని తప్పు వాడు చేసిండు, రాయకపోతే అబద్ధమైతది. లోకాన్ని నవ్వించినోడు తల్లికి ఒక్క మాట చెప్పనీకె భయపడ్డడు. అయినా నా చేతి వంట మీద వానికెంత నమ్మకమో గిప్పుడు ఆలోచిస్తే తెలుస్తుంది. ఉప్పెక్కువైన కూరను గూడ ఇంకింత ఎయ్యుమని అడిగేటట్టు నేను పెడుతనని వాడు ప్రతి ఆదివారం పందెం కాసిండు. గెలిచిండు గూడ.

నాకు మాఫీ అడుగుడు రాదు. బొడ్లకెళ్ళి తాళంచెవి తీసి కోడలి చేతుల పెట్టిన. పంచరాయన చాప మీద కూసొని మిగిలిన అన్నం తింటుండె. "అమ్మీ, నా అన్నం సల్లారింది" అన్నడు. ఇద్దరం పోయి వేడిది పెట్టినం.

రేకుల షెడ్డుల పొయ్యి గిప్పుడు లేదు. వాని కుర్తా మాత్రం కొక్కేనికే ఉంది, పిండలే. పొట్లం మల్ల జేబులనే పెట్టిన. వానలు పడుతున్న దినాలు కద, కుర్తా అంత పొడిగనే ఉంటది, ఆ ఉప్పుకు జేబు ఒక్కటే తడిగ అయితది. పొద్దుగాల లేవంగనే పోయి చేయి పెట్టి చూస్త. ఒక్కొక్కసారి నాకన్న ముందే కోడలు ఆడ నిలవడి ఉంటది.